లెక్క

బల్లార్షా బాయి మీద, దీపాల గదిల
ముప్పై ఒక్క ఏండ్లు కొలువు చేసిండు మా తాత జక్కయ్య.
పొట్టి మనిషి. పై వరుస కొక్కేలు అందక
కాళ్ల కింద సబ్బుపెట్టె ఏసుకునేటోడు.

దిగేటోడు ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకపోవాలె,
పైకొచ్చి దీపమిచ్చి బిళ్ల తీసుకపోవాలె.
అంతే పని. కానీ
కొక్కేనికి ఒక్క బిళ్ల మిగిలినా
తాత ఇంటికి రాకపోయేది.
అవ్వ కాగబెట్టిన నీళ్లు
చల్లారి, మళ్ల కాగి, మళ్ల చల్లారేవి.

నేను చదివింది మరాఠీ బడి.
తెలుగు తాత ఒళ్లో కూసోని నేర్చుకున్న,
నల్లట్ట పుస్తకంల ఆయన వేలు ఎక్కడ ఆగితే అక్కడ.
మసి ఇంకిన ఆ గోరు కింద చదివిన 'కాపరి'
ఇప్పటికీ నాకు నల్లగనే కనిపిస్తడు.
"కొంచెం ఉప్పు దయచేయుము" అని నేనంటే
మంచిర్యాల చుట్టాలు పడి పడి నవ్వేటోళ్లు,
గీ పిల్ల ప్రవక్త లెక్క మాట్లాడ్తదని.

మే నెల. వార్ధాల రాళ్లు తేలిన ఎండ.
మధ్యాహ్నం మూడింటికి కూలర్‌ల నీళ్లు పోస్తూ
పోసుడు ఆపి, కూసోని, పోయిండు.
బకెట్టు ఒలకలేదు.

ఆమోసు పాస్టరు మంచోడే.
"మహిమకు పిలుపొచ్చింది" అన్నడు.
నాకు కోపమొచ్చింది.
పిలిచినాయన మమ్మల్ని ఒక మాట అడగొద్దా?
సమాధుల తోటల అందరు పాట ఎత్తుకుంటే
నా నోరు తెరుచుకున్నది, గొంతు రాలేదు.
పిడికెడు మన్ను ఏయమన్నరు. గట్టి మన్ను.
పెట్టె మీద పడితే
తలుపు కొట్టినట్టు చప్పుడైంది.

రేకుపెట్టె సర్దుతుంటే
పింఛను కాగితాల కింద, కంటద్దాల గూట్ల
ఒక బిళ్ల. రెండువందల పన్నెండు.
అవ్వను అడిగిన. చానాసేపు పలకలేదు.
"మేష్రాందిరా" అన్నది.

పైకప్పు కూలిన రాత్రి పదిహేడు మంది దిగితే
పదహారు దీపాలు తిరిగొచ్చినయి.
రెండు రోజులకు శవాన్ని తెచ్చిండ్రట.
కంపెనీ ఆ నంబరు ఇంకొకనికి ఇయ్యమంటే
బిళ్ల పోయిందని రాసిచ్చి
జీతంల నాలుగు రూపాయలు కోయించుకున్నడు తాత.
ఎన్నడూ అబద్ధమాడని మనిషి.

అప్పటిసంది రాత్రి ప్రార్థనల
మా అందరి పేర్లయినంక ఒక అంకె పలికేటోడు.
అది ఏదో కీర్తన నంబరు అనుకునేదాన్ని.

చచ్చినోళ్ల కోసం ప్రార్థన చెయ్యొద్దు,
పైగా వాడు మన మందలోడు కాదని
పాత అయ్యగారు ఒకసారి గట్టిగనే చెప్పిండట.
"ప్రార్థన కాదయ్యగారూ,
ఇంకా పైకి రానోని లెక్క
డ్యూటీ దిగేటోడు ఎక్కేటోనికి
ఒప్పజెప్పాలె గదా" అన్నడట తాత.

బిళ్ల అరచేతిల పెట్టుకోని కూసున్న.
అంకెల సగం తాత బొటనవేలే తినేసింది.
కోపం పోయిందని చెప్పను.
కానీ మొన్నటిదాక పరలోకమంటే
తెల్లబట్టలు, బూరలు, బంగారు వీధులు,
ఆడ తాతకు ఏం తోస్తదని ఏడ్చిన.
ఇప్పుడొక చిన్న గది కనిపిస్తున్నది.
గోడ నిండ కొక్కేలు. ఒక బల్ల.
బల్ల ముందు కూసున్నాయన చేతులకు పాత గాయాలు.
ఎంత రాత్రయినా ఇంటికి పోడు.
తాత ఎన్నడూ ఇట్ల చెప్పలేదు, నేనే అనుకుంటున్న.
అనుకుంటే ఊపిరాడుతున్నది.

రాత్రి కరెంటు పోయింది.
"నువ్వే చెయ్" అన్నది అవ్వ.
పేర్లు చెప్పిన. రెండువందల పన్నెండు చెప్పిన.
ఆ తర్వాత ఆగిన.
తాతకు నంబరు లేదు,
ఆయన బాయిలకు దిగినోడు కాదు.
చీకట్ల ఇసనకర్ర చప్పుడు ఆగింది.
"జక్కయ్య" అన్నది అవ్వ.
పెనిమిటి పేరు ఆమె నోట
నేను వినుడు అదే మొదలు.